పన్నెండో ఫైలు

నీలకు రజని అంటే కండ్లమంట. ఈ సంగతి మా ఆఫీసుల అందరికి ఎరికె, ఒక్క రజనికి తప్ప. నేను నీల పక్క కుర్చీల మూడేండ్లు కూసున్నదాన్ని. ఆమె చెడ్డదని చెప్పెటందుకు ఇది రాస్తలేను, మంచిదని చెప్పెటందుకు గూడ కాదు. నేను చూసింది కొంత, ఆమె తర్వాత నాతోని చెప్పుకున్నది కొంత.

జగిత్యాల పాత బస్టాండు కాడ ఒక మందుల దుకాణం మీద, రెండో అంతస్తుల మా ఆఫీసు. ఫోన్లనే బ్యాంకు ఖాతా తెరుచుకునెటోళ్లను వీడియో కాల్ల చూసుడు మా పని. అవుతల మనిషి కెమెరా ముందట కూసుంటడు, కార్డు పట్టి చూపిస్తడు. కార్డు మీది ఫొటో, ఆ ముఖం ఒక్కటేనా కాదా మేం చెప్పాలె. కంప్యూటర్ గూడ మార్కులేస్తది గని, పన్నెండేండ్ల కింద దిగిన మసక ఫొటోకు అది మాత్రం ఏం చెప్తది? ఆఖరికి బటన్ ఒత్తేది మనిషే. ఒకరి పేరు మీద ఇంకొకరు ఖాతా తెరిచిన్రనుకో, ఏడేడనో మోసం చేసి గుంజిన పైసలు దాంట్లకెల్లి దాటిపోతయి. పోలీసులు మాత్రం పేరున్నోళ్ల ఇంటికి వస్తరు.

నీలది కోరుట్ల. పదో తరగతి కాంగనె పెండ్లైంది. భర్త జలపతి మస్కట్‌కు పోయిండు. అత్త బాలమ్మతోని కలిసి నీల పదేండ్లు బీడీలు చేసింది. ఒళ్లె చాట, పక్కన పుస్తకం పెట్టుకొని దూరవిద్యల డిగ్రీ పాసైంది. ఆఫీసు తెరిచిన దినం చేరిన ఆరుగురిల ఆమె ఒకతి. ముఖాలు చూసుట్ల ఆమెను మించినోళ్లు మా ఆఫీసుల లేకుండె.

"వెయ్యి బీడీలల్ల ఒక్క వదులు బీడీ ఉన్నా నా వేలికి తెలిసేది. ముఖం గూడ గంతే" అనేది.

ఆమె చేరిన రెండేండ్లకు రజని వచ్చింది. సిరిసిల్ల పిల్ల, ఇరవై ఆరేండ్లు. వాళ్లింట్ల నాలుగు మరమగ్గాల సాంచెలు నడుస్తయి. జగిత్యాలల రూం తీసుకొని ఉండేది, ఐతారం ఇంటికి పోయేది. ఆమెకు పని నేర్పింది నీలనే. కార్డు ఎట్ల తిప్పి చూపియ్యమనాలె, తల అటు ఇటు ఎప్పుడు తిప్పమనాలె, అన్ని. ఆరు నెలలు కాకముందే రజని దినానికి అరవై కాల్స్ చేసుడు మొదలువెట్టింది. నీలవి ముప్పై ఐదు దాటకపోయేటివి. హైదరాబాదోళ్లు ఎన్ని కాల్స్ చేసినమన్నది చూస్తరు గని, ఎన్ని దొంగ ముఖాలను ఆపినమన్నది చూడరు. గోడ మీద రజని ఫొటో ఎక్కింది. టీం లీడర్ కుర్చీ ఖాళీ అయితే, అదీ రజనికే ఇచ్చిన్రు.

ఇగ అప్పటిసంది నీలకు కడుపుల నిప్పులే. ఫొటో కనవడకుండ కుర్చీ జరుపుకున్నది. జరిపితే కిటికీ అద్దంల కనవడ్డది. రజని హైదరాబాదోళ్లతోని ఇంగ్లీషుల మాట్లాడుతుంటే, నీల చేతుల పెన్ను టక్కుటక్కుమనేది. సాయంత్రం బోర్డు మీద లెక్క రాస్తే చూడకుండ సంచి సర్దుకునేది. మెట్ల మీద మాత్రం నన్ను అడిగేది, "ఎంతట ఇయ్యాల?"

"అరవై నాలుగు."

"ముఖాలు చూస్తదా, బస్సుల కండక్టర్ లెక్క తలలు లెక్కవెడ్తదా?"

ఒక దసరాకు రజని సిరిసిల్ల నుంచి అందరికి చీరలు తెచ్చింది. నీలకు ఇచ్చింది అన్నిట్ల మంచిది, ముదురాకుపచ్చది. "నువ్వు నాకు గురువు గద అక్కా" అన్నది. నీల ఆ చీరను ఇంటికి తీస్కపోయి అత్త ముందట పారేసింది. బాలమ్మ దాన్ని వేళ్లతోని తడిమి, "మంచిగున్నది గదనే, ఏమైంది?" అన్నది.

"మంచిగున్నదనే మండుతున్నది" అన్నది నీల.

ఉగాది ముందట ఒక బుధవారం నీల పొద్దుగాల రాంగనె చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్నది, మధ్యాహ్నం అన్నం తినలె, నాతోని ఒక్క మాట మాట్లాడలె. సాయంత్రం బోర్డు మీద రజని అరవై ఒకటి, నీల అరవై రెండు. ఆ దినం నీల బోర్డును నిలవడి చూసింది. కింద హోటల్ల నాకు ఇరానీ చాయ్ తాపింది. రజని పరిగెత్తుకుంట వచ్చి, "అక్కా, దాటేసినవ్!" అని చెయ్యి పట్టుకుంటే, నీల ముఖం మళ్లా మాడిపోయింది. ఓడిపోయినా ఆ పిల్లకు నొప్పి లేదేందని.

మా దగ్గర వారానికోపారి ఒకరి ఫైళ్లు ఇంకొకరు మళ్ల చూస్తరు. చిన్న తప్పులుంటే రాసి ఇస్తరు. మే నెల ఎండల్ల నీలకు రజని ఫైళ్లు వచ్చినయి. మేమైతే ఒక్కొక్కటి అర నిమిషం చూసి వదిలిపెట్టెటోళ్లం. నీల ఒక్కొక్క వీడియో మొదటికెల్లి ఆఖరి దాక చూసింది. తప్పు దొరకాలె అని చూసింది. ఇది ఆమె మాటనే.

దొరికింది.

ఎల్లంతకుంట మనిషట, ఎరువుల దుకాణం అట. గుబురు మీసం. ఎన్కకు నీలం రంగు గోడ, గోడ మీద చెమ్మ మచ్చ. నాయిన పేరేందని రజని అడిగితే, "మా నాన్నగారి పేరు రాజయ్యండీ" అన్నడు. నీల వీడియో ఆపింది. మా దిక్కు ఎరువుల దుకాణం పెట్టినాయన "మా బాపు" అంటడు గని, "నాన్నగారండీ" అంటడా? అయితే మాట తీరును పట్టి దొంగ అనరాదు. బయట చదువుకున్నోళ్లు గట్ల మాట్లాడొచ్చు. ఆమెకు గీ సంగతి తెలుసు. అందుకే గుర్తు పెట్టుకొని ముంగటికి పోయింది.

ఇంకో ఇరవై ఫైళ్లకు పెగడపల్లి రైతు ఒకాయన వచ్చిండు. మీసం లేదు, అద్దాలున్నయి, వేరే పేరు. గోడ మాత్రం నీలం రంగే, చెమ్మ మచ్చ గదే. ఎడమ చెవి కొస తెగి ఉన్నది. నీల ఎన్కకు పోయి ఎరువులాయన చెవి చూసింది. అదీ తెగే ఉన్నది.

నన్ను గుంజి చూపించింది. "మీసం గొరిగించుకుంటరు. చెవి ఏం చేస్తరు?"

నేను రెండు చెవులు మళ్ల చూసిన. "రజనికి చెప్పుదామా?"

"ఆగు" అన్నది. ఆ ఒక్క మాట అన్నప్పుడు ఆమె ముఖంల ఎంత వెలుగు ఉన్నదో నాకిప్పటికి యాదికున్నది.

సుదర్శన్ సార్ మా మేనేజర్. ఆయన దగ్గరికి పోయి ఇంకిన్ని పాత ఫైళ్లు చూస్తనని అడిగి తీసుకున్నది. మూడు వారాలు మధ్యాహ్నం అన్నం పూట అదే పని. రజని ఫైళ్లే చూసింది. నాయి చూడలె, తనయి చూడలె. కాయిదం మీద పేర్లు రాసుకుంట పోయింది. కొన్నిట్ల చెవి మనిషి, కొన్నిట్ల వేరే మనుషులు గని గదే గోడ. అన్ని పేర్లు మన దిక్కు ఊర్లయే. అంతా కలిపి పదకొండు.

కాయిదం సార్ టేబుల్ మీద పెట్టింది. సార్ రెండు వీడియోలు పక్కపక్కన పెట్టి చూసిండు. అద్దాలు తీసి తుడుచుకొని మళ్ల చూసిండు.

"అన్ని రజనియేనా?"

"అన్ని ఆమెయే సార్."

"మిగిలినోళ్లయి చూసినవా? నీయి?"

"చూసిన సార్. ఎవ్వరియి లెవ్వు."

చూడలె. గా అబద్ధం ఎందుకు ఆడినవని నేను తర్వాత అడిగితే, "చూస్తనంటే ఇంకో మూడు వారాలు ఆగాలె గద. నాకు ఆగ శాతగాలె" అన్నది.

ఆ దినమే ఖాతాలన్ని ఆపిన్రు, పోలీసులకు రాసిన్రు. రజనిని లోపలికి పిలిచిన్రు. అర గంటకు బయటికి వచ్చింది. ఏడుస్తలేదు గని పెదవులు తెల్లగైనయి. సంచి తీసుకొని, విచారణ అయ్యేదాక ఇంటికాడ ఉండుమన్నరని నాతోని చెప్పి మెట్లు దిగింది. గోడ మీది ఫొటో తీసేస్తే నాలుగు టేపు ముక్కలు మిగిలినయి. లీడర్ కుర్చీల నీలను కూసోవెట్టిన్రు. మస్కట్‌కు ఫోన్ చేసి జలపతికి చెప్తుంటే, ఆమె గొంతు మెట్ల దాక వినవడ్డది.

ఎనిమిది దినాలు బాగనే గడిచినయి. తొమ్మిదో దినం లీడర్‌కు వచ్చే కంప్లైంట్లల్ల ఒకటి వచ్చింది. బోయినపల్లి దిక్కు లక్ష్మవ్వ అనే ముసలామెకు పోలీసు నోటీసు పోయింది. ఎవర్నో మోసం చేసిన పైసలు ఆమె ఖాతాలకెల్లి పోయినయట. ఆమె మాత్రం నేను ఖాతానే తెరవలేదంటున్నది. ఫైలు చూసి జవాబియ్యమని రాసిన్రు.

నీల ఫైలు తెరిచింది. బటన్ ఒత్తినోళ్ల కాడ నీల పేరే ఉన్నది. తారీఖు ఉగాది ముందటి బుధవారం.

వీడియో నడిచింది. నెత్తి మీదికెల్లి నుదురు దాక కొంగు కప్పుకున్న ఆడమనిషి, ఎన్కకు నీలం గోడ. "చెప్పండి మేడం, నేనేనండీ" అంటున్నది. ఇవుతలికెల్లి నీల గొంతు గడబిడగ అడుగుతున్నది, పేరు, పుట్టిన తేది, కార్డు చూపియ్యుండ్రి, అయిపోయింది. కొంగు తియ్యమని గూడ అనలె. రెండు నిమిషాలు గూడ పట్టలె. ఆ దినం ఆ "నేనేనండీ" చెవులవడ్డదా లేదా అని నేను అడిగిన.

"పడ్డది. పడ్డది గని ఆగితే అరవై రెండు అయ్యేటియి కావు" అన్నది నీల.

లీడర్ కుర్చీల ఉన్నది గనుక జవాబు ఆమెనే రాయాలె. "ఇది గూడ పాత పదకొండు ఫైళ్ల సంగతే" అని రాసింది. ఎవ్వరు తీసి చూడరు. పదకొండు పోయినకాడ పన్నెండు, రజని నెత్తి మీద ఇంకొకటి, అంతే. రాసింది గని పంపలె. రెండు దినాలు అది అట్లనే ఉన్నది. ఇంటికాడ బాలమ్మ, "అన్నం మెతుకులు లెక్కవెడ్తున్నవా?" అన్నదట.

ఐతారం నాడు వేములవాడ బస్సెక్కి, ఆడ ఆటో పట్టుకొని లక్ష్మవ్వ ఊరికి పోయింది. ఎందుకు పోయినవంటే, "ముఖం చూద్దామని" అన్నది. ఇన్నేండ్ల సంది ముఖాలు చూసుడే పనాయె, తను ఒప్పుకున్న ఆ పేరుకు అసలు ముఖం ఎట్లుంటదో చూడాలనిపించిందట.

లక్ష్మవ్వ అరుగు మీద బీడీలు చేస్తున్నది. ఆఫీసు కాడికెల్లి వచ్చిన అంటే, నోటీసు సంగతనుకొని చాట పక్కకు పెట్టింది. వేలిముద్రలు తంబాకుల అరిగిపోయినయి, పింఛను కాడ మిషన్ల పడవు. ఉగాది ముందట మెడల కార్డేసుకున్న ఒక పొల్లగాడు వచ్చి, "అవ్వా, నీ వేలు పడ్తలేదు గద, కొత్తగ ఎక్కియ్యకపోతే పింఛను బందయితది" అన్నడట. ఆధార్ కార్డు ఫొటో తీసుకున్నడు. ఆమె ఫోన్ అడుక్కొని, దానికి వచ్చిన ఓటీపీ నంబర్లు ఆన్నే చూసి కొట్టుకున్నడు.

"నా కొడుకు దుబాయిల ఉంటడు బిడ్డా. ఠాణాకు ఎన్నిసార్లు తిరగాలె నేను? పోలీసాయన ఫోన్ల చూపిచ్చిండు, దాని ముఖం నా ముఖం లెక్క ఉన్నదా నువ్వే చెప్పు. ఆ బ్యాంకుల కూసున్న పొల్లకు కండ్లు లెవ్వా?"

నీల కింద పడ్డ ఆకు ముక్కను తీసి చాటల ఏసింది.

"ఆ పొల్లను నేనే అవ్వా."

లక్ష్మవ్వ తిట్టలె, ఏడ్వలె. "నువ్వా?" అన్నది. తర్వాత, "మరి గా మాట ఠాణాల చెప్తవా?"

"చెప్త."

"ఊకె చెప్తనంటే కాదు. రాసియ్యి."

ఇంట్లకు పోయి మనుమని నోటుపుస్తకంలకెల్లి కాయిదం చింపి తెచ్చింది. ఆ వీడియోల ఉన్నది లక్ష్మవ్వ కాదు, చూడకుండ ఒప్పుకున్నది నేనే అని నీల రాసి, సంతకం పెట్టి, ఫోన్ నంబరు వేసింది. లక్ష్మవ్వకు చదువు రాదు. కాయిదం పక్కింటామెకు ఇచ్చి చదివిపించుకొని, అప్పుడు మడిచి కొంగుల కట్టుకున్నది.

ఆన్నుంచి నీల సిరిసిల్లకు పోయింది. బస్సుల కూసున్నంతసేపు దిగిపోదామా అనుకున్నదట. రజని వాళ్ల గల్లీల సాంచెల సప్పుడుకు మనిషి మాట మనిషికి వినవడది. రజని తలుపు తీసి, నీలను చూసి, లోపలికి రమ్మనలె. నీల ఆన్నే నిలవడి మొత్తం చెప్పింది. సప్పుడుల సగం వినవడక, రజని రెండుసార్లు "ఏంది?" అన్నది. పన్నెండో ఫైలు సంగతి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"నాయి పదకొండు ఏరినవ్. నీది చూడనే చూడలె" అన్నది రజని. "నాకు ముందుగాల చెప్తే నేనే పోయి సార్‌కు చెప్పకపోదునా అక్కా? గింత కోపమేంది నా మీద? ఏం చేసిన నీకు?"

"ఏం చెయ్యలె. నువ్వు మంచిగ చేస్తున్నవనే."

"మా అమ్మ వింటది, పో" అన్నది రజని. నీల మెట్టు దిగి నాలుగడుగులు నడిచినంక రజని ఎన్కకెల్లి పిలిచింది.

"ఎట్ల పట్టినవ్? అది చెప్పిపో."

ఆ మాటకు నీల ఆన్నే ఆగింది. గదొక్కటే తన దగ్గర ఉన్నది, రజనికి లేనిది. అదీ ఇస్తే ఇంకేం మిగులుతది? తర్వాత ఎన్కకు తిరిగి వచ్చి చెప్పింది. చెవి సంగతి, గోడ సంగతి, నాన్నగారి సంగతి. "మాటను పట్టి దొంగ అనకు. మాట తేడా కొడితే ఆగు, గంతే. ఆగి వాళ్ల ఊరి ముచ్చట అడుగు. మీ ఊళ్లె వారానికోపారి పెట్టే అంగడి ఏ వారం, బస్సు ఏడ ఆగుతది అని. కార్డు మీదియి అందరు బట్టీ పట్టుకొని వస్తరు. అంగడి వారం కార్డు మీద ఉండది."

రజని తల ఊపింది. తలుపేసుకున్నది.

సోమవారం నీల సుదర్శన్ సార్‌కు అంతా చెప్పింది, తన ఫైళ్లు చూడకుండనే చూసిన అన్న సంగతి గూడ. సార్ చాలాసేపు తిట్టిండు. తర్వాత అందరి పాత ఫైళ్లు తీపిచ్చిండు. ఇంకో నాలుగు బయటపడ్డయి. అండ్ల ఒకటి నాది. అప్పటిదాక నీలను లోపల ఎన్ని మాటలు అనుకున్ననో, అవన్ని మింగిన.

నీలకు ఉన్న లీడర్ కుర్చీ పోయింది, రెండు నెలల జీతంల కోత పడ్డది. రజని వచ్చింది గని లీడర్‌గ కాదు, మాతోనే కూసున్నది. నీలతోని పని మాటలు తప్ప మాట్లాడలె. బోయినపల్లికి రెండుసార్లు, ఠాణాకు మూడుసార్లు నీల తిరిగింది. ఆఖరికి లక్ష్మవ్వ పేరు ఆ కేసులకెల్లి తీసిన్రు. చెవి తెగినోడు ఏడనో దొరికిండని విన్నం. వాని ఎన్క ఉన్నోళ్లు మాత్రం దొరకలె.

వానకాలంల హైదరాబాదోళ్లు మీటింగ్ పెట్టిన్రు, ఇసొంటి మోసాలు ఎట్ల పట్టాలె అని. మా ఆఫీసు తరఫున మాట్లాడింది రజని. అంగడి వారం ప్రశ్న, చెవి చూసుడు, ఎన్కటి గోడలను కలిపి చూసుడు, అన్ని ఇంగ్లీషుల వరుసగ పెట్టి చెప్పింది. వాళ్లు చప్పట్లు కొట్టిన్రు. "మా టీం అంతా కలిసి నేర్చుకున్నది" అన్నది రజని. నీల పేరు ఎత్తలె.

మీటింగ్ అయినంక నీల, నేను కిందికి దిగినం. ముసురు పడ్తున్నది. హోటల్ల కూసున్నంక నీల అన్నది, "నా పేరు చెప్పలె, చూసినవా?"

"చెప్తే ఊకుంటుంటివా?"

"చెప్తే ఇంక ఎక్కువ మండుతుండె" అని నవ్వింది. ఆ నవ్వు గూడ పూర్తిగ నవ్వు కాదు. చాయ్ సగం తాగి గ్లాసు పెట్టి, "ఇంగ్లీషుల మంచిగ చెప్పింది గని, ఏం చేస్తం" అన్నది. ఆ మాట అనుటానికి ఆమెకు ఎంత కష్టమైందో పక్కన కూసున్నదాన్ని, నాకు తెలుసు.